తెల్ల జాకెట్, పసుపు చెమట

కూసో బిడ్డా. ఫోన్ల రాసుకుంటవో, కాయితం మీద రాసుకుంటవో నీ ఇష్టం గని, సక్కగ ఇను, నేను చెప్పింది చెప్పినట్టు రాయాలె. పొద్దుగాల నువ్వు ఎవరో ఇడిసిన చొక్కా కొనుక్కొచ్చి, కత్తెర పట్టి టాపు కుడుతుంటే నాకు నవ్వాగలే. ఆ రోజుల్ల మేము గదే పని చేస్తే లేనోళ్లనేటోళ్లు, ఇప్పుడు మీరు చేస్తే ఫ్యాషన్ అంటున్నరు. కుట్టే ముందు ఉతికినవా దాన్ని? ఉతకలేదా? అయితే ఇది నీకోసమే చెప్తున్న.

అప్పుడు మేము పటాన్‌చెరుల కిరాయికుంటుంటిమి. నన్ను చూడనీకి ఆదివారం పిల్లగాని తరఫోళ్లు వస్తరని కబురొచ్చింది. అంతకుముందు వచ్చినోళ్లు పిల్ల బక్కగున్నదని పోయిండ్రు. ఇదన్న కుదరాలని మా అమ్మ పానమంత దీని మీదనే పెట్టుకున్నది. ఓణీ ఉన్నది గని దాని మీదికి మంచి జాకెట్ లేదు. అంగడిల ఒకామె చెద్దరు పరిచి పాత బట్టలు కుప్పబోసి అమ్మేది. అండ్ల ఒక తెల్ల కోటు దొరికింది, మోకాళ్ల దాక పొడుగు, దిట్టమైన బట్ట. "ఏదో కంపెనీది బిడ్డా, ఉతికిన మాలే" అన్నదామె. మా అమ్మ మాత్రం "ఒక్కసారి నీళ్లల్ల జాడియ్యవే" అన్నది. ఆ దినం నల్లా నీళ్లు రాలే. (వచ్చినా జాడిస్తుంటినో లేదో, ఇస్త్రీ పోతదని నా భయం.) పక్కింటక్క మిషిన్ మీద కూసుని, కోటు కుట్లన్ని ఇప్పి, బుగ్గచేతులు పెట్టి జాకెట్ కుట్టిన. అద్దంల చూసుకుంటే నన్ను నేనే గుర్తుపట్టలే.

ఆదివారం ఎండ దంచుతున్నది. రేకుల ఇల్లు, పైనుంచి కరెంటు లేదు. పిల్లగాడు పటాన్‌చెరులనే రంగుల కంపెనీల చేస్తడు, వాళ్ల నాయిన, మేనత్త కొండాపూర్ దిక్కు ఊరి నుంచి వచ్చిండ్రు. నేను చాయ్ పళ్లెం పట్టుకొని వంగిన. మేనత్త కప్పు తీసుకోలే, నా చెయ్యి దిక్కే చూస్తున్నది. నేనూ చూసిన. బుగ్గచెయ్యి కింది నుంచి మోచేతి దాక పసుపు ధార. మెడ తడుముకుంటే వేళ్లన్ని పసుపు. భయానికి ఇంకింత చెమట, చెమటకు ఇంకింత రంగు.

"పిల్లకు పచ్చకామెర్లున్నయ్ గద వదినా" అన్నది మేనత్త మా అమ్మతోని. "ముందుగాల చెప్పొద్దా?"

"లేదు వదినా, పొద్దుగాల మంచిగనే ఉండె" అన్నది మా అమ్మ. (అమ్మా, ఊకుంటే అయిపోతుండె గదనే.)

పిల్లగాని నాయిన కండువా దులుపుకొని లేచిండు. వాడకట్టంత తెలుస్తది, ఇగ నన్నెవ్వడు చేసుకోడు అనుకున్న. అప్పటిదాక నోరిప్పని పిల్లగాడు "జెర ఆగు నాయినా" అని, చొక్కా చేతులు పైకి మడిచిండు. (గంత ఎండల నిండుచేతుల చొక్కా ఎందుకేసిండా అని నేను అనుకుంటనే ఉన్న.) మోచేతుల దాక నాకన్న పచ్చగున్నడు.

"రోగం కాదత్తా, మా కంపెనీ పొడి. పొడిగుంటే కనబడదు, తడి తగిలితే దిగుతది. వీళ్లు చూస్తే పిల్లనియ్యరని నేను దాసుకున్న" అన్నడు. నా జాకెట్ దిక్కు చూసి, "గది మా కోటు బట్టనే. బుగ్గచేతులు మంచిగ కుదిరినయ్" అన్నడు.

"కడిగితే పోతదారా?" అన్నది మేనత్త.

"పోతదత్తా."

"ఎన్ని దినాలకు?"

పిల్లగాడు చొక్కా చేతులు మళ్ల కిందికి దించుకున్నడు. వాళ్ల నాయిన మళ్ల కూసుని చాయ్ తీసుకున్నడు. పెండ్లిల నలుగు పెట్టేటప్పుడు గదే మేనత్త, "వీళ్లిద్దరికి పసుపు దండుగ" అన్నది.

ఆ దినం సిగ్గుతోని సస్తననుకున్న. ఆ బక్కపిల్ల ఇప్పుడు ఎదురొస్తే, చెమట పట్టింది మంచిగైందే అని చెప్తును. జాకెట్ ఇంకా సందూక పెట్టెలనే ఉన్నది, ఇప్పటికి ఉతకలే. ఇప్పుడు తొడుగబోతే దాని చెయ్యి నా మోచేతి కాడనే ఆగుతది. మొన్న వాన పడుతుంటే నీ తాత సందూక తీసి, తడిచేత్తోని దాన్ని పట్టుకొని ఎంతసేపు నిలబడ్డడో. అదిగో, ఆయనే పిలుస్తున్నడు, అన్నం సల్లారుతున్నదట. వస్తున్న, ఆగు. బిడ్డా, తినేటప్పుడు ఆయన అరచెయ్యి చూడు, ఇంకా పచ్చగనే…