ఒక్కొక్కరుగా వచ్చిన పరామర్శ

మా వజీరిస్తాన్ పల్లెలో ఎవరు పోయినా చావడిలో పరామర్శకు మూడు రోజులు తివాచీ పరుస్తారు. ఊళ్లో మగవాళ్లంతా వచ్చి కూర్చుంటారు. వాళ్లందరికీ నలభై ఏళ్లుగా టీ పోసినవాడు నూర్‌బాజ్ కాకా. తాను మాత్రం ఎవరి పక్కనా కూర్చోడు, కెటిల్ పట్టుకుని నిలబడే ఉంటాడు. టీ పలచగా ఉందని ఎవరైనా అన్నారా, ఆ పూటంతా ముఖం మాడ్చుకుంటాడు.

ఆయన ఒక్కగానొక్క కొడుకు విసాల్ ఆ కెటిల్ ముట్టనన్నాడు. లారీ నేర్చుకుని కలప తోలడానికి పోయాడు. తన పనిని చూసి కొడుకు సిగ్గుపడ్డాడని కాకా మనసులో పెట్టుకున్నాడు. పైకి ఏనాడూ అనలేదు.

కిందటి చలికాలం పట్టపగలు విసాల్ లారీ మీద ఆకాశం నుంచి నిప్పు పడింది. అనుమానిత మిలిటెంట్ల బండి అని రేడియో చెప్పింది. అందులో ఉన్నవి దేవదారు దుంగలు. వెనక బండి నాదే. ఆ రేడియో మాట గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

ఆ బాంబు వేసిన డ్రోన్ మోత ఆ తర్వాత కూడా పైన ఆగలేదు. నలుగురు ఒకచోట చేరితే మళ్లీ పడుతుందని ఊరు హడలిపోయింది. శవం మంచం మోసిన నలుగురమే విసాల్‌ను మట్టి చేసి వచ్చాం. అయినా మర్నాడు కాకా తివాచీ పరిచి, పెద్ద కెటిల్ పొయ్యి మీద పెట్టాడు. మధ్యాహ్నం దాకా ఎవరూ రాలేదు. చివరికి, టీ గురించి ఆయనతో రోజూ తగువు పెట్టుకునే ముసలి ఖాన్‌జాదా ఒంటరిగా వచ్చాడు.

"నా బిడ్డ కోసం ప్రార్థనకు చేతులెత్తడానికి నువ్వొక్కడివేనా మిగిలింది?" అన్నాడు కాకా.

"అందరూ వస్తారు. ఒకరి తర్వాత ఒకరం రావాలనుకున్నాం. నేను లేస్తేగానీ ఇంకొకడు రాడు, తొందరగా టీ పోయ్." తాగి, ఎప్పట్లాగే పలచగా ఉందన్నాడు.

మూడు రోజుల పరామర్శ పదకొండు రోజులు సాగింది. వచ్చేది ఒక్కడే కాబట్టి కాకా పక్కన కూర్చోక తప్పలేదు. గుంపులో అయితే ప్రార్థన చేసి లేచిపోతారు. ఒంటరిగా వచ్చినవాళ్లు విసాల్ కబుర్లు చెప్పారు. నొప్పులు పడుతున్న తన భార్యను మంచులో ఆసుపత్రికి చేర్చాడని ఒకాయన, తన తోటలో ఆప్రికాట్లు దొంగిలించి దొరికిపోయాడని ఇంకొకాయన. కాకా నవ్వాడు, ఏడ్చాడు. ఒకే ఇంట్లో ఉన్నా తెలియని కొడుకు ఆయనకు అప్పుడు తెలిశాడు.

అందరికంటే చివర వెళ్లింది నేను. విసాల్ పోవడం కళ్లతో చూసినవాణ్ణి, ఆయన ముఖం చూడలేకపోయాను.

"ఇన్నాళ్లూ ఎక్కడ చచ్చావురా?" అంటూ కప్పు అందించాడు.

ప్రార్థన అయ్యాక చెప్పాను. "కాకా, విసాల్ సీటు కింద ఒక కెటిల్ ఉండేది. బండి ఎక్కడ ఆపినా డ్రైవర్లందరికీ తనే టీ కాచేవాడు. వేరేవాళ్లను ముట్టనిచ్చేవాడు కాదు. మా నాన్న ఇలాగే కాస్తాడు, మీకు రాదు అనేవాడు."

కాకా కెటిల్ మూత తీసి లోపలికి చూశాడు. తర్వాత అడిగాడు.

"ఏలకులు ఎప్పుడు వేసేవాడు?"

"దించాక."

"ఆఁ, దించాకే వెయ్యాలి," అన్నాడు. నా కప్పులో మళ్లీ టీ పోసి, తనకూ ఒక కప్పు పోసుకున్నాడు.