వణికే చేతితో వేసిన మొదటి సాలు

సహోదరులారా, సహోదరీలారా, ఈ ఉదయం మీ ముందు మైకు పట్టుకున్న నా ఈ కుడిచేయి ఏడాది కిందట నీళ్ల చెంబును కూడా ఒలకకుండా పట్టుకోలేకపోయేది, అందుకే ముందు దేవునికి స్తోత్రం చెప్పి మొదలుపెడతాను.

కుందుర్పి దగ్గర మా ఊళ్లో చాలామందికి నేను బెంగళూరులో కంప్యూటర్ పని చేస్తానని మాత్రమే తెలుసు. వరదో కార్చిచ్చో వచ్చిందని కబురు అందితే, పైన తిరిగే ఉపగ్రహాన్ని ఆ చోటి మీదికి త్వరగా చేర్చి ఫోటో తీయించడానికి దారి లెక్క కట్టడం నా పని. అందులో ఒక తిరకాసు ఉంది. ముందుగా చేరాలంటే దాన్ని వెనక్కి నెట్టి నిదానింపజేయాలి, అప్పుడది కొంచెం కిందికి దిగుతుంది, కింద చుట్టు చిన్నది కాబట్టి తొందరగా తిరిగొస్తుంది. మొదటి రోజే నేర్పే పాఠమిది. అయినా, బస్సు కదిలితే వెంటపడి పరుగెత్తే ఊళ్లో పుట్టినదాన్ని కదా, ఒక కార్చిచ్చు రోజున కంగారులో ముందుకు నెట్టమని ఆదేశం రాశాను. ఇద్దరు కలిసి గట్టిగా చదివి సరిచూడాలన్న నియమాన్ని, నాకు తెలియదా అన్న గర్వంతో దాటేశాను. ఉపగ్రహం పైకి పోయి ఆలస్యంగా చేరింది, అప్పటికి ఆ కొండవాలు కాలిపోయింది, ఉపగ్రహాన్ని మళ్లీ దారికి తేవడానికి ఏళ్ల తరబడి రావలసిన ఇంధనం ఖర్చయింది. ఎవరూ తిట్టలేదు, తిట్టినా బాగుండేది! ఆ తర్వాత కీబోర్డు మీద చేయి పెడితే వణుకు. నరాలు బాగానే ఉన్నాయన్నారు డాక్టర్లు. సెలవు పెట్టి ఇల్లు చేరాను, మళ్లీ ఆ పని చేయగలనన్న ఆశ వదులుకున్నాను.

వాన పడింది. పదును ఆరేలోపు వేరుశనగ వేయాలి. మా నాయన ఎద్దులకు గొర్రు కట్టి, దాని వెనక నడుస్తూ విత్తనం పోసే పని నాకే ఇచ్చాడు. చేయి వణికితే గింజలు ఒకచోట కుప్పగా పడి ఇంకోచోట బోసిపోతుంది, పంట దెబ్బతింటుంది, ఆ సంగతి నాకంటే ఆయనకే బాగా తెలుసు. వద్దని ఏడ్చాను. ఆయన గట్టున మోకాళ్లూని, నా చేయి పట్టుకుని ప్రార్థించాడు.

"ప్రభువా, నా బిడ్డ చెయ్యి వణుకుతాండాది, నువ్వు చూస్తానే ఉండావు. నేను మోటోన్ని, నాకేం తెల్దు. ఈ వణికే చెయ్యే నీకిస్తాండాం, తీస్కో. చేను కూడా నీదే."

మొదటి సాలు పాడే చేశాను. నాయన పగ్గం బిగబట్టి ఎద్దుల నడక తగ్గించాడు. నెమ్మదిగా నడిస్తే గింజ వెనక గింజ పడింది, నాలుగో సాలుకు వచ్చేసరికి నేను ఏడుస్తున్నానే గాని భయపడటం లేదని తెలిసింది. త్వరగా చేరాలంటే నిదానించమని నేను యంత్రానికి చెప్పే మాటను దేవుడు ఎద్దుల చేత నాకు చెప్పించాడు!

చేను పూతకు వచ్చేలోపే పనికి వెళ్లాను. వరద కబురు వచ్చిన రోజున ఆదేశం రాసి, తోటి ఇంజనీరును పిలిచి ప్రతి అంకె గట్టిగా చదివించాను. చేయి కొంచెం వణికింది, అయినా పంపించాను. ఫోటో వేళకు అందింది, మిద్దెల మీద చిక్కుకున్నవాళ్ల దగ్గరికి పడవలు ఎటు వెళ్లాలో తెలిసింది. మహిమ దేవునిదే, నాది కాదు.

మొన్న కాయ పీకేటప్పుడు ఆ మొదటి సాలు చూశాను. చెట్లు గుంపులుగా, మధ్యలో ఖాళీలతో అలాగే ఉన్నాయి, నాయన వాటిని దున్నేయలేదు. పీకితే వాటికీ కాయలున్నాయి. అందుకే చెబుతున్నాను, బాగయ్యాక దేవుని దగ్గరికి వద్దామని ఆగకండి. వణికే చేతినే ఆయనకు ఇవ్వండి, మీ కోసం ఆయన నడక తగ్గిస్తాడు.