గుట్ట మీది కొట్లు మా జేజినాయనవి కావు

ఏప్రిల్‌లో మంచు కరిగాక ఇక్కడ కెనడాలో, రిచ్‌మండ్ హిల్‌లో, మా పక్కింటాయన లాన్‌కి వేయడానికి పేడ ఎరువు బస్తాలు తెచ్చి విప్పుతాడు. తడి మట్టీ పేడా కలిసిన ఆ వాసన ఫెన్స్ దాటి వచ్చినప్పుడల్లా మా ఊరి గుట్ట గుర్తొచ్చి ప్రాణం హాయిగా ఉండేది. ఈ ఏడు మాత్రం ఒళ్లు మండింది. మొదట మా చిన్నాయన కొడుకు ఓబులేసు మీద, ఆ తర్వాత నా మీద.

మాది అనంతపురం జిల్లాలో వాన మొహం చాటేసే కొండల నడుమ ఒక పల్లె. ఊరి వెనక గుట్ట మీద, చెమ్మా చెదలూ చేరని చోటు చూసి కట్టిన రాతి కొట్లు వరసగా ఉండేవి. సున్నం లేదు, సిమెంటు లేదు. రాయి మీద రాయి పేర్చి, పైన బండలు పరిచి, చౌడు మట్టి కప్పి, లోపల ఎర్రమట్టి మెత్తి, మనిషి వంగి దూరేంత వాకిలి మాత్రం వదిలేవాళ్లు. కొర్రలు, జొన్నలు, రాగులు, వచ్చే ఏటి విత్తనాలు అన్నీ బూడిద కలిపి, వేపాకు పరిచి అందులోనే పోసేవాళ్లు. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం ఆ గోడకు చెంప ఆనిస్తే కుండను తాకినట్టుండేది. పిల్లలం కిత్తనార మట్టల మీద కూర్చుని పక్కనున్న నున్నటి బండ మీద జర్రున జారి, నిక్కర్లు చించుకుని, మోకాళ్లు చెక్కుకుని, ఇంటికి పోయి తన్నులు తినేవాళ్లం.

కొట్టు మూసే రోజు మాకు పండగకన్నా ఎక్కువ. ఇంటింటా పెనం మీద ఓళిగలు కాలే వాసన, కొర్ర పాసెంలో బెల్లం కరిగే వాసన. గింజలు పోయడం అయ్యాక వాకిలికి బండ అడ్డం పెట్టి, సందుల్లో పేడ కలిపిన ఎర్రమట్టి మెత్తేవాళ్లు. ఆ తడి మట్టి మీద ఇంటికొక ఆడమనిషి వచ్చి అరచేయి అద్దేది. మళ్లీ తెరవాలంటే అందరూ రావాలి, ఎవరి ముద్ర వాళ్లు చూసుకోవాలి, అప్పుడే బండ కదలాలి. మా ఇళ్లలోకి అడుగు పెట్టనివ్వని, ఊరి చివరి కిందిగేరి ఆడవాళ్ల చేతులు కూడా ఆ మట్టిలో మేం జేజి అని పిలిచే నాయనమ్మ చేయి పక్కనే పడేవి. మా తాత జేజినాయనకు అది గిట్టేది కాదు. ఊరి పెద్ద అయ్యుండీ గొణుక్కోవడం తప్ప ఏమీ చేయలేకపోయేవాడు.

నేను నాలుగో క్లాసులో ఉన్న ఏడు వానలు పూర్తిగా ఎగ్గొట్టాయి. ఇళ్లలో సంకటి అంబలైంది, అంబలి నీళ్లయింది. అందరూ గుట్టెక్కారు. కిందిగేరి ఎర్రమ్మ ఒక్కతే లేదు. మొగుడు చనిపోయాక బెంగళూరుకు బిల్డింగు పనులకు పోయింది.

"పగలగొట్టండ్రా! ఆయమ్మ కోసరం పిల్లోల్లు సావల్నా?" అని జేజినాయన కర్రతో బండను కొట్టాడు.

మా జేజి ఆ బండకే వీపు ఆనించి కూర్చుంది. "ఆ చెయ్యి నువ్వు పెట్టినావా, నువ్వు తీసేకి? కూచో."

బెంగళూరుకు మనిషిని పంపారు. ఆమె వచ్చేదాకా ఊరంతా ఆకూ అలమూ ఉడకేసుకుని తిని కాచుకుంది. ఎర్రమ్మ బస్సు దిగి, నెత్తిన మూటతోనే గుట్టెక్కి, తన ముద్ర మీద చేయి పెట్టి చూసుకుని, "తియ్యండి" అంది. ఆ కొట్లు మా జేజినాయన సొంతమైతే ఆయన కడుపు మాడ్చుకుని ఎందుకు కాచుకుంటాడు?

ఇది కళ్లారా చూసిన నేను పోయినేడు ఏం చేశాను? దసరా పాట్‌లక్‌లో, హామిల్టన్‌లో చదివే ఒకమ్మాయి ఫోన్‌లో వీడియో పెట్టి "అంకుల్, మీ నేటివ్ ప్లేస్ గురించి చెప్పండి" అంది. అప్పటికే తలా ఒకరూ వాళ్ల తాతల గొప్పలు చెప్పుకుంటున్నారు. "గుట్ట మీది కొట్లన్నీ మా జేజినాయనవే, ఊరందరికీ ఆయనే గింజలు పెట్టేవాడు" అన్నాను. చప్పట్లు కొట్టారు. ఇంకో గులాబ్ జామూన్ వేసుకున్నాను.

ఓబులేసు నెట్‌లోకెక్కిన ఆ వీడియో పట్టుకుని గుట్ట చుట్టూ కంచె వేశాడు. అడ్డొచ్చినవాళ్లకు అదే చూపించాడట: "మా అన్న కెనడాలో ఉంటాడు, సదువుకున్నోడు, ఆయనే చెప్తాండాడు సూడండి." ఇప్పుడవి రిసార్టు గదులు. గోడలు కోసి ఏసీలు బిగించారు, వాకిళ్లు పగలగొట్టి గాజు తలుపులు పెట్టారు. బోర్డు మీద 'దొరగారి ధాన్యాగారం' అని రాశారు. దొరగారట!

ఈ మార్చిలో ఎర్రమ్మ తన మనవడి ఫోన్‌లో పలికింది. "ఏమప్పా కెనడా దొరా, బాగుండావా? కొట్లు మీ జేజినాయనవంట గదా. ఆ మట్టిలో పెట్టిన మా చేతులు గూడా ఆయనవేనా?" ఫోన్ పట్టుకుని గరాజ్‌లోకి పోయాను. "ఒగటి మిగిలింది. ఈత కొట్టే గుంత కోసరం దాన్నీ పడగొడ్తారంట. మేమిచ్చిన అర్జీ మీద ఆఫీసరు వస్తాండాడు. నువ్వు చెప్పింది నువ్వే కాదని చెప్పల్ల. మేము చెప్తే ఎవురింటారు?"

ఓబులేసుకు ఫోన్ చేశాను. "నీకేం పోతాందన్నా? వచ్చినప్పుడు నీకో రూము ఫ్రీ లే" అన్నాడు. నేను తిట్టిన తిట్లకు మా అమ్మాయి తన గది తలుపు వేసుకుంది.

ఆ హామిల్టన్ అమ్మాయినే పిలిచి మళ్లీ వీడియో తీయించాను. "ఇలాంటివి ఎవరూ చూడరు అంకుల్" అంది. ఆఫీసరు చూస్తే చాలన్నాను. నేను చెప్పింది అబద్ధమని, ఆ కొట్లు కట్టింది ఊరనీ, కిందిగేరి లేకుండా అందులో ఒక్క రాయి కూడా లేవలేదనీ పేరు పెట్టి చెప్పాను.

మొన్న ఆఫీసరు వచ్చాడు. ఎర్రమ్మను గేటు లోపలికి రానివ్వలేదు. ఆయన కారు ఆపి నా రెండో వీడియో చూపించిందట. "ముందొక మాట, తర్వాతొక మాట. ఈయన్ని ఎట్లా నమ్మేదమ్మా?" అని ఆయన అద్దం ఎక్కించుకున్నాడట.

మిగిలిన ఆ ఒక్క కొట్టు తప్ప అన్నిటికీ చౌడు మట్టి కప్పులు పోయాయి. గుట్ట మీద ఇప్పుడు గింజ లేదు, వేపాకు వాసన లేదు. ఆ మట్టి మెత్తిన ఆడవాళ్లలో ఒక్కతే బతికుంది. ఆఫీసరుగారూ, నన్ను నమ్మొద్దు. ఎర్రమ్మను అడగండి. గేటు బయటే కూర్చుని ఉంది.