అద్దంకి పక్కన ఎర్రగుజ్జు ద్రాక్ష

రెండు వేల ఒకటి, మే నెల. హైదరాబాదులో అయిదున్నరకు బయలుదేరాల్సిన అద్దంకి బస్సు ఆరుంపావుకు కదిలింది. అప్పటికే నాకు ఒళ్లు మండిపోతోంది.

నేను ద్రాక్ష నర్సరీ నడుపుతాను. అద్దంకి దగ్గర శేషయ్య అనే రైతు ఉత్తరం రాశాడు. కొరికితే లోపలి గుజ్జు కూడా ఎర్రగా ఉండే ద్రాక్ష తన దగ్గరుందట. పంచదార, ఈస్టు ఏమీ వేయకుండా దాంతో పలచటి వైను చేశాడట. ఆ పది సెంట్ల పందిరి తీసేసి పత్తి వేద్దామని తమ్ముడు పట్టుబడుతున్నాడు. నేను రుచి చూసి బాగుందంటే పందిరి ఉంటుంది, లేదంటే పోతుంది. అన్నదమ్ముల ఒప్పందం అది.

పదింటికి దాచేపల్లిలో టిఫిను. ఇడ్లీ మీద సిమెంటు దుమ్ము పడిందని హోటలువాడితో గొడవ పెట్టుకున్నాను. పక్క సీట్లోని పత్తి విత్తనాల ఏజెంటు నా ప్రయాణం సంగతి విని జాలిపడ్డాడు.

"వైను కోసమైతే అద్దంకి సెంటర్లోనే షాపులున్నాయి గదండీ. ఈ ఎండలో ఊళ్లోకెందుకు?"

ఆ షాపుల్లో అమ్మేది రంగేసిన పాకమని నరసరావుపేట దాకా అతనికి క్లాసు పీకాను. అక్కడ అతను సీటు మారాడు.

ఒంటిగంటకు అద్దంకి, అక్కణ్ణుంచి ఆటోలో అరగంట. శేషయ్య, తమ్ముడు కోటయ్య నన్ను తిన్నగా పందిట్లోకి తీసుకెళ్లారు. చివరి గుత్తులు కొన్ని మిగిలున్నాయి. చిన్న పండు, మందం తోలు. నమిలితే నేరేడు వగరు, వెనకాల పులుపు. వేళ్లు ఎర్రబడ్డాయి. ఆ కాసేపూ నాకు కోపం రాలేదు.

ఇంటికొచ్చాక శేషయ్య పెద్ద జాడీలోంచి గ్లాసులో పోశాడు. దానిమ్మ రసంలా తేటగా ఉంది. ఒక్క గుక్క తాగానో లేదో గొంతు భగ్గుమంది. దగ్గి దగ్గి కళ్లు తిరిగాయి. ఏం కలిపావని అరిచాను. ఏమీ కలపలేదన్నాడు. ఎండా బడలికా అన్నీ అతని మీదే కుమ్మరించాను.

"ఇది వైనేనా? దున్నించెయ్యండి ఆ పందిరి."

కోటయ్య చెప్పులేసుకుని బయటికెళ్లాడు. నేను చిటపటలాడుతూనే అన్నం తిని నడుం వాల్చాను.

నాలుగింటికి లేచేసరికి ఆ జాడీ ఎదురుగా ఉంది. మూతికి గోనెగుడ్డ కట్టి ఉంది. దాన్ని విప్పి ముక్కు దగ్గర పెట్టుకోగానే వరసగా తుమ్ములు. అది మిరపకాయలు తొక్కిన గోతం ముక్క. రెండు నెలలుగా దాని పొడి వైనులోకి రాలుతూనే ఉంది. శేషయ్య కూడా దాన్ని గట్టిగా వాసన చూశాడు.

"ఘాటుగా ఉందా అండీ? మాకేం తెలవట్లేదే. మిరక్కాయల్లోనే పుట్టి పెరిగాం గదా."

అతని భార్య రమణమ్మ వంటింట్లోంచి చిన్న జాడీ తెచ్చింది. "దీనికి పాత చీరముక్క కట్టాను అన్నయ్యగారూ, ఇది చూడండి" అంది.

నాలుక మీద సన్నటి చిమచిమ, నేరేడు వాసన, నీళ్లంత తేలిక. గొంతు దిగాక కూడా నోరూరుతూనే ఉంది. ఇన్నేళ్లలో అలాంటి వైను నేను తాగలేదు. గ్లాసు అక్కడే పెట్టి పొలానికి పరిగెత్తాను.

పక్క చేలో దుక్కి దున్నుతున్న ట్రాక్టరును కోటయ్య ఎప్పుడో పిలిచేశాడు. రాతి స్తంభాలు పడున్నాయి. తీగలు వేళ్లతో సహా ఎండలో వాడిపోయి ఉన్నాయి. ఎందుకింత తొందరని అతని మీదా అరిచాను.

"మీరే గదండీ దున్నించెయ్యమంది. మీ మాట కోసమే ఇన్నాళ్లూ ఆగాం."

కొమ్మలు కొన్ని కోసి తడిగుడ్డలో చుట్టుకున్నాను. మే ఎండలో అంత వాడిన కొమ్మలు వేళ్లు తొడగవని నర్సరీవాడిగా నాకు తెలుసు.

ఆరున్నర బస్సుకు శేషయ్య వెంట వచ్చాడు. చిన్న జాడీలో మిగిలిన వైను సీసాలో పోసి నా చేతికిచ్చాడు. "మీకు నచ్చింది గదండీ, చాల్లెండి" అన్నాడు. నాలుగు తిట్టినా బాగుండేది. నరసరావుపేట దాకా నన్ను నేనే తిట్టుకున్నాను.

ఎర్రగుజ్జు ద్రాక్ష చూడ్డానికి ఎవరూ ఆ ఊరు వెళ్లకండి. ఇప్పుడక్కడ పత్తి చేనుంటుంది. నా నోటి దురుసుకు ఒక రకం పోయింది.