బాబాయి సన్నాయికి బీమా

మొన్న అమలాపురంలో కొత్త ఫోను కొన్నాను. కౌంటర్లో అమ్మాయి దాన్ని అట్టపెట్టెలో సర్దుతూ, "ఇన్సూరెన్స్ కూడా చేయించేయమంటారాండీ? కింద పడినా, నీళ్లలో పడినా కంపెనీయే చూసుకుంటుందండి," అంది. వద్దన్నాను. మా వారు నా వంక వింతగా చూశారు. మిక్సీ గ్యారంటీ కార్డులు కూడా బీరువాలో దాచే మనిషిని మరి. బండి మీద ఇంటికొస్తున్నంతసేపూ మా బాబాయే కళ్ల ముందు మెదిలారు.

బాబాయి మా నాన్నకి తమ్ముడు. కొత్తపేట దగ్గర మా ఊరు. నాన్న సన్నాయి వాయించేవారట. నాకు ఊహ తెలియకముందే పోయారు. ఆయన ఫొటో ఉంది గానీ, గొంతు ఎలా ఉండేదో తెలీదు. ఆయన నల్లకర్ర సన్నాయినే తర్వాత బాబాయి వాయించారు. చిన్నప్పుడు బాబాయి దాన్ని చేతిలోకి తీసుకోగానే నేను వెళ్లి ఎదురుగా చతికిలబడేదాన్ని. "మీ నాన్న మాట్లాడతన్నాడమ్మా, విను," అనేవారు. నిజమేననుకునేదాన్ని. పెద్దయి, పిల్లల్ని కన్నాక కూడా ఆ అనుకోవడం మానలేకపోయాను.

అంతటి సన్నాయీ వానాకాలం వచ్చిందంటే మహా పేచీకోరు. మా కోనసీమ తేమకి నోట్లో పెట్టుకునే రెల్లు పీక ఉబ్బిపోయేది. పై స్వరాలకి వెళ్లబోతే ఉత్త గాలి వచ్చేది. మురమళ్ళలో ఒక పెళ్లిలో తాళి కట్టే వేళకి కీచుమంటే, పెళ్లికొడుకు ఉలిక్కిపడి ముడి వదిలేశాడు. పైగా ముందుపళ్లు కదలడం మొదలయ్యాక బాబాయికి పెదవుల పట్టు తప్పింది. తీసేద్దామన్న పళ్ల డాక్టరుతో, "నమలడానికైతే తీసేయండి. ఊదడానికి కావాలండి నాకు," అని లేచి వచ్చేశారు.

పిన్ని తమ్ముడు ఇన్సూరెన్స్ ఏజెంటు. ఊళ్లో గేదెలకీ బళ్లకీ చేయించడం అయిపోయాక ఆయన కన్ను సన్నాయి మీద పడింది. "బాగున్నదానికి ఏదో అయిపోద్దని నాచేత సంతకం పెట్టిస్తావేటయ్యా?" అని బాబాయి విసుక్కున్నారు. "మనకి అన్నం పెడతంది అదొక్కటే కదండీ," అంది పిన్ని. ఆ మాట మీద సంతకం పెట్టేశారు.

తడిసిన సన్నాయిని గుడ్డలో చుట్టి కురిడీల అటక మీద పెట్టడం ఆయన అలవాటు. మా వైపు కొబ్బరికాయలు నెలల తరబడి అటక మీదే ఎండి కురిడీలవుతాయి. వానాకాలంలో ఇంట్లో అంత పొడి చోటు ఇంకొకటి ఉండదు. మూడేళ్ల కిందట ఒక పెళ్లి నుంచి తడిసి వచ్చి, అలాగే అటకెక్కించి పడుకున్నారు. పొద్దున్నే కురిడీలు కొనుక్కున్న వర్తకుడి మనుషులు వచ్చి కుప్ప కదిపారు. కాయలు గలగలా దొర్లాయి. వాటితోపాటే సన్నాయీ దొర్లి, గచ్చు మీద పడి నిలువునా చీలింది.

కబురు తెలిసి నేను వెళ్లేసరికి బాబాయి చీలికకి మైనం పూసి, దారం చుట్టి ఊదుతున్నారు. ఉస్సుమనడం తప్ప ఏమీ పలకలేదు. మళ్లీ ఊదారు. ఆయన ఏడవడం నేను చూసింది ఆ రోజే.

ఏజెంటు గారు వచ్చి ధైర్యం చెప్పారు. "ఆయ్, దిగులు పడకండి బావగారూ. కొత్తది కొనుక్కోడానికి సరిపడా వచ్చేస్తుందండి. కాకపోతే విరిగింది కంపెనీకి అప్పజెప్పెయ్యాలండి."

"పలకని కర్ర ఆళ్లకెందుకయ్యా?"

"రూలండి."

ముందంతా పెళ్లిళ్ల రోజులు. సొంతంగా కొత్తది కొనే స్తోమత బాబాయికి లేదు. ఆయన నా వైపు తిరిగి, "మీ నాన్నదమ్మా ఇది. నువ్వొద్దంటే ఇవ్వను," అన్నారు. వంటింటి గుమ్మంలో పిన్ని నా మొహం చూడకుండా నిలబడి ఉంది. వద్దనాలనే ఉంది నాకు. "ఇచ్చెయ్యండి బాబాయ్," అన్నాను.

రోజూ చేసినట్టే కోడి ఈకతో లోపలంతా కొబ్బరినూనె రాసి, ఉతికిన తువ్వాలులో చుట్టి ఆయనే అందించారు. ఏజెంటు గారు దాన్ని బండికి కట్టుకుని రావులపాలెం వైపు వెళ్లిపోయారు.

కొత్త సన్నాయి మంచిదే. వానలోనూ పెద్దగా పేచీ పెట్టేది కాదు, అందరూ మెచ్చుకున్నారు. ఒకసారి నేనే వెళ్లి పాతరోజుల్లోలాగా ఎదురుగా కూర్చున్నాను. బాబాయి వాయించడం ఆపి, "ఇది ఉత్త సన్నాయేనమ్మా," అని తల దించుకున్నారు. పోయినేడు ఆయనా పోయారు.

నాన్నని కాలం మమ్మల్ని అడక్కుండానే తీసుకుపోయింది. ఆయన ఊపిరి తిరిగిన కర్రని మాత్రం, బీమా అడిగి మరీ మా చేతులతోనే ఇప్పించుకుంది.