గార తీస్తే పళ్ళు ఊడతాయని

వేదాద్రి నరసింహస్వామి కల్యాణంలో గట్టిమేళం అంటే ఒకప్పుడు ఖాజావలిదే. జగ్గయ్యపేటలో ఆ ఇంటివాళ్ళకు సన్నాయి తాతల నాటి విద్య. అర్చకులు మంగళసూత్రం పైకెత్తగానే ఆయన బుగ్గలు పూరించి పైస్థాయి అందుకుంటే, భోజనాల కోసం ముందే లేచినవాళ్ళు కూడా మళ్ళీ కూర్చునేవాళ్ళు.

నలభై దాటాక ఒకనాడు నోట్లోంచి తీసిన సన్నాయి పీకకు ఎర్రటి మరక అంటింది. వేడి చేసిందనుకున్నాడు. సబ్జా గింజలు నానబెట్టుకుని తాగాడు. బ్రష్ పెడితే చిగుళ్ళ నుంచి నెత్తురు వస్తోందని బ్రష్ మానేసి, వేలితో పైపైన రుద్దుకోవడం మొదలుపెట్టాడు. నెత్తురు కనిపించడం తగ్గేసరికి రోగమే తగ్గిందని సంబరపడ్డాడు. పాపం, స్వరంలో వెంట్రుకవాసి తేడా పట్టే మనిషి నోటి విషయంలో ఉత్త మొద్దు.

పంటినొప్పి భరించలేక ఓసారి నందిగామలో పళ్ళ డాక్టరు రాజ్యశ్రీ దగ్గరికి వెళ్ళాడు. పళ్ళ వెనక గార పేరుకుపోయిందని, తీసేస్తానని ఆవిడ అంది. ఆ మాటే కొంప ముంచింది. ఖాజావలికి తెలిసిన గార గోడకు కొట్టే సున్నపు గార. గోడను పట్టి ఉంచేదే అది కదా, దాన్ని గీకేస్తే ఇటుకలు నిలుస్తాయా అన్నాడు. తోడొచ్చిన భార్య వలీబీ కూడా ఔనంది. వాళ్ళ పిన్నికి గార తీయించాకే పళ్ళు కదిలాయట. పళ్ళను కదిలించేదే ఆ గార అని రాజ్యశ్రీ చెప్పబోతే, మళ్ళీ వస్తానని లేచి వచ్చేశాడు.

మళ్ళీ వెళ్ళడానికి తొమ్మిదేళ్ళు పట్టింది. అప్పటికి పైవరస ముందుపళ్ళు రెండూ వేలితో తాకితే ఊగుతున్నాయి. వాటిని తీసేయక తప్పలేదు. మిగిలినవాటికి గార తీసి, చిగుళ్ళ అంచున బ్రష్‌ను మెల్లగా ఎలా తిప్పాలో చూపించి, రెండుపూటలా తోముకోమని, నెత్తురొచ్చినా మానొద్దని రాజ్యశ్రీ గట్టిగా చెప్పింది.

ఈసారి ఖాజావలి ఒక్క పూట కూడా తప్పలేదు. నెల తిరక్కుండానే నెత్తురు ఆగింది. మిగిలిన పళ్ళు నిలబడ్డాయి. తీసేసినవాటి చోట పెట్టించుకున్న పెట్టుడుపళ్ళతో జొన్నరొట్టె కూడా కొరికాడు. సన్నాయి ఒక్కటే లొంగలేదు. కింది స్వరాలు పలికేవి. పైకి వెళ్ళేసరికి పెట్టుడుపళ్ళు కదిలి, పెదవి పట్టు జారి, గాలి బుస్సుమని పక్కకు పోయేది.

మొన్నటి కల్యాణానికి వేదాద్రి వెళ్ళాడు. పెనుగంచిప్రోలు నుంచి వచ్చిన మేళం బాగా వాయించింది. అంత బాగా వాయిస్తుంటే కూర్చుని వినడం ఆయనకు చాలా కష్టమైంది. ఒక్కసారి, ఒకే ఒక్క గట్టిమేళం వాయించి ఆపైన జన్మలో సన్నాయి ముట్టకపోయినా ఫర్వాలేదనిపించింది. లేచి కృష్ణ ఒడ్డుకు వెళ్ళి, జనానికి దూరంగా చాలాసేపు కూర్చున్నాడు.

వారం తిరిగాక నందిగామ వెళితే రాజ్యశ్రీ నోరంతా చూసి, చిగుళ్ళు భేషుగ్గా ఉన్నాయని మెచ్చుకుంది. ఖాజావలి కుర్చీలోంచి లేవలేదు.

"అబద్ధం చెప్పొద్దమ్మా. మొదటిసారి వచ్చినప్పుడే గార తీయించుకునుంటే ఆ రెండు పళ్ళూ ఉండేవా?"

ఆమె చేతి తొడుగులు తీసి పక్కన పెట్టింది.

"ఉండేవండి" అంది.

ఆయన తల ఊపి బయటికి వచ్చాడు. తోడొచ్చిన వలీబీ బెంచీ మీద కూర్చుని ఉంది. ఏడాదిగా ఆమె చిగుళ్ళ నుంచీ నెత్తురు వస్తోంది. గార తీయించుకోమంటే మాత్రం పళ్ళూడతాయని ఇప్పటికీ విరుచుకుపడుతుంది.

"లే వలీ. డాక్టరమ్మ నిన్ను రమ్మంటోంది" అన్నాడు.

రాజ్యశ్రీ ఆ మాట అనలేదు. వలీబీ గొణుక్కుంటూ లేచింది. ఆమె లోపలికి వెళ్ళి తలుపు వేసుకునేదాకా ఖాజావలి అక్కడే నిలబడ్డాడు.