సింగన్న బండిలో పసుపు లైటు

ఇంజను చప్పుడు విని రోగం చెప్పడంలో నర్సీపట్నంలో మత్స్యలింగాన్ని మించినవాడు లేడు. ఏజెన్సీ జీపులన్నీ ఆయన షెడ్డుకే వచ్చేవి. కొత్త బళ్లు దిగాక ఆ చెవి దేనికీ కొరగాకుండా పోయింది పాపం. స్కానరు కొన్నాడు. బండికి తగిలిస్తే అది లోపం తాలూకు కోడ్ అంకెలు చూపిస్తుంది, ఈయన చెరిపేస్తాడు, డ్యాష్‌బోర్డు మీద పసుపు లైటు ఆరిపోతుంది. వచ్చినవాళ్లు అడిగేదీ అదే, “ఆ లైటు తీసెయ్యండి మేస్త్రీ గారూ” అని. అసలు రోగమేమిటని అడిగిన పాపాన ఎవడూ పోలేదు. నిజం చెప్పొద్దూ, ఈయనా పోలేదు.

సింగన్నది చింతపల్లి దాటాక ఓ గూడెం. అక్కడికి బస్సు వెళ్లదు. కిడ్నీలు పాడైన తల్లి దేవుడమ్మను వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు తన బండిలోనే ఘాటీ రోడ్డు మీదుగా నర్సీపట్నం దింపుతాడు, దారిలో నలుగురిని ఎక్కించుకుంటూ. ఆ బండి మూలపడితే ఆవిడ ప్రాణానికే ముప్పు.

లైటు వెలిగిన ప్రతిసారీ మత్స్యలింగం చెరిపేస్తూనే వచ్చాడు. మొన్న ఇంటికెళ్తుంటే బండి ఘాటీ ఎక్కలేక కూలబడింది. ఇవాళ తల్లిని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని ఎలాగో దిగి షెడ్డు ముందు ఆపాడు సింగన్న.

ఈసారి మత్స్యలింగానికి కోడ్ చెరపడానికి చెయ్యి రాలేదు. విశాఖలో కొత్త బళ్లు చూసే సూర్యప్రకాష్‌కు ఫోన్ చేసి అంకెలు చదివాడు.

“పొగగొట్టంలో మసి పట్టే జల్లెడ పూడిపోయింది,” అన్నాడు సూర్యప్రకాష్. “బండి ఆగకుండా కాసేపు గట్టిగా నడిస్తే ఆ మసి దానంతటదే కాలిపోద్ది. మీ డ్రైవరు ఇంజను మాటిమాటికీ ఆపుతాడేటి?”

మనిషి ఎక్కినా దిగినా ఇంజను ఆపెయ్యండిరా, డీజిలు మిగులుద్ది అని ఘాటీ డ్రైవర్లందరికీ నూరిపోసింది ఎవరనుకున్నారు? ఈ మత్స్యలింగం మహానుభావుడే. పాత జీపులకు అది చెల్లింది. ఈ బండిలో మసి సగం కాలేసరికల్లా సింగన్న ఇంజను ఆపేసేవాడు.

“ఇప్పుడేటి సెయ్యమంటావు?”

“ఇప్పుడు తోలినా కాలదు అన్నా. కొత్త జల్లెడ పడాల్సిందే. అదొచ్చేసరికి నెల పట్టుద్ది. మొదట లైటు ఎలిగినప్పుడే అడిగుంటే బాగుండేది.”

ఫోన్ పెట్టేసి, సిగ్గు విడిచి, సింగన్నకు ఉన్నదున్నట్టు చెప్పాడు. తప్పు నాదేరా అన్నాడు. నాలుగు తిట్లు తిడితే బాగుణ్ణనిపించింది. సింగన్న నమ్మితే కదా.

“మీరు సెప్పింది తప్పెలాగవుద్దండీ? కంపెనీవోడే నాసిరకం సామాను ఎట్టుంటాడు. ఇంకోపాలి సూడండి.”

“సూడ్డానికేటీ లేదురా,” అన్నాడు మత్స్యలింగం. ఆ మాట ఆ షెడ్డులో ఆయన నోట అంతకుముందెప్పుడూ రాలేదు.

ఆసుపత్రికి వేళ మించిపోతోంది. ఆటోను పిలిచి, దేవుడమ్మ రెక్క పట్టుకుని తనే దింపాడు. ఆవిడ చెయ్యి వాచిపోయి మెత్తగా ఉంది.

“ఈ పూటకి ఆటో దొరికింది బావూ. లచ్చివారం నన్నెవులు దింపుతారు?” అనడిగింది ఆవిడ.

“మేస్త్రీ గారున్నారు కదే, ఆయన సూసుకుంటారు. నువ్వు బేగి ఎక్కు,” అన్నాడు సింగన్న.